పచ్చి మీద పాలిష్

మొన్న విశాఖ నుంచి ఒకాయన మా ఇల్లు వెతుక్కుంటూ కాశీబుగ్గ వచ్చాడు. తాతగారి నాటి కారు బాగు చేయిస్తున్నాడట, తలుపు హ్యాండిళ్లో, సీటు స్ప్రింగులో, లోపలి చెక్క పట్టీలో నా దగ్గర ఏమైనా మిగిలాయేమోనని అడిగాడు. ఏమీ లేవని పంపేశాను. అబద్ధమే చెప్పాను. అటక మీద గోనెసంచిలో చుట్టిన చెక్క పట్టీ ఒకటుంది.

నా ఈడు వాళ్లకి గుర్తుండే ఉంటుంది, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో పలాస స్టేషను బయట అంబాసిడర్లు వరసగా నిలబడి ఉండేవి. వాటి సీట్లలో సగం నా చేతి కుట్టే. మా మేనమామ కారు మాత్రం ఆ వరసలో ఉండేది కాదు. ఎప్పుడో కొన్న పాతకాలపు బండి, పెళ్లయ్యాక అత్తని అందులోనే ఇంటికి తెచ్చుకున్నాడు. తర్వాత ఉద్దానంలో వాళ్ల కొబ్బరితోట పాకలో ఏళ్ల తరబడి పడి ఉండి, ఉప్పుగాలికి, ఎలకలకి లోపలంతా పాడైపోయింది.

అత్త పెళ్లికి ముందు, పెళ్లయ్యాక కూడా చాలా కాలం, పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లేది. ఆ పని చేసిన వాళ్ల అరచేతులు పెంకులోంచి చిమ్మే జీడి నూనెకి కాలి ఎలా నల్లబడతాయో మన వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. పేరంటాలకి వెళ్తే తాంబూలం కొంగు చాటునే అందుకునేదని మా అమ్మ అనేది. పని మానేశాక మెల్లగా ఆ నలుపు వదిలింది. అంతలోనే మన ఉద్దానంలో ఇంటింటికీ వచ్చినట్టు ఆమెకీ కిడ్నీ జబ్బు వచ్చింది. విశాఖ ఆసుపత్రికి బస్సులో వెళ్లి రావడమంటే ఆమెకి ప్రాణం మీదికి వచ్చేది. ఇంజను బాగానే ఉంది, వెనక సీటు ఒక్కటి సరిచేసిపెట్టు, పడుకోబెట్టి తీసుకెళ్తానని మామ నన్ను అడిగాడు.

ఆయన అడిగింది అంతే. వేరే బండి సీటు కోసి బిగిస్తే వారం రోజుల పని. నాకే గొప్ప కావాల్సివచ్చింది. అత్త పెళ్లికూతురుగా ఎక్కిన రోజున లోపల ఎలా ఉండేదో అచ్చం అలాగే చేసి చూపిస్తానన్నాను. టెక్కలి పాత ఇనుము కొట్లన్నీ గాలించాను, కోటబొమ్మాళిలో ఒక షెడ్డులో మూలపడిన బండి నుంచి అద్దం దింపే హ్యాండిలు ఊడదీయించాను, కప్పు కింద గుడ్డకి ఆ రంగు దొరక్క విశాఖ నాలుగుసార్లు తిరిగాను. అలా ఎనిమిది నెలలు గడిచాయి. అన్నాళ్లూ అత్త బస్సులోనే వెళ్లింది. దొరికిన ప్రతి ముక్కనీ ఇంటికి తీసుకెళ్లి చూపిస్తే నవ్వేది కానీ, ఎప్పటికవుతుందని ఒక్కసారి కూడా అడగలేదు.

చివరికి వెనక ఎడమ తలుపుకి, చెయ్యి ఆనించే చోట ఉండే చెక్క పట్టీ ఒక్కటి ఎక్కడా దొరకలేదు. తీరాన పడవలు కట్టే వడ్రంగి దగ్గరికి వెళ్లి పనసచెక్కతో చేయించాను. చెదలు పట్టకుండా పడవకి పూసినట్టే దానికీ ఆ జీడిపెంకుల నూనే పట్టించాడు. నేనే దగ్గరుండి రెండో పూత కూడా వేయించాను. ఇచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పాడు.

"పచ్చి మీద పాలిసెయ్యకు బావూ. పదిహేన్రోజులు ఎండలో ఒగ్గెయ్, నేకపోతే సెయ్యి కాల్తాది."

ఆ వారంలోనే అత్త ఎడమ చేతికి చిన్న ఆపరేషను చేస్తామని, రక్తం శుభ్రం చేసే యంత్రానికి ఆ చెయ్యే దారి అని, దానికి చిన్న గాయం కూడా తగలకూడదని డాక్టరు చెప్పి ఉన్నాడు. ఎనిమిది నెలలు తాత్సారం చేసిన నేను ఆ పదిహేను రోజులు ఆగలేకపోయాను. రెండు రోజులు ఎండబెట్టి, మెరుపు కోసం పైన వార్నిష్ కొట్టి బిగించేశాను.

మే నెల ఎండ. పడుకోమంటే వినకుండా అత్త పెళ్లినాటిలాగే కూర్చునే వెళ్తానని, ఆ పట్టీ మీద ఎడమ చెయ్యి వేసుకుని విశాఖ దాకా వెళ్లింది. వేడికి లోపలి నూనె వార్నిష్ పగల్చుకుని ఊరింది. టెక్కలి దాటక ముందే మంట మొదలైందట. మామ అంత సంతోషంగా బండి నడుపుతుంటే చెప్పబుద్ధి కాలేదట. ఆసుపత్రిలో దిగేసరికి అరచెయ్యి, మణికట్టు బొబ్బలెక్కిపోయి ఉన్నాయి. పుళ్లు మానేదాకా ఆపరేషను కుదరదన్నారు.

చూడటానికి వెళ్తే చెయ్యి కొంగు చాటున పెట్టుకుంది. కోప్పడుతుందనుకున్నాను.

"ఈ జీడి నన్ను ఒగ్గదురా అల్లుడా," అంది, అంతే.

పుళ్లు మానాయి కానీ ఆపరేషను తట్టుకునే ఓపిక ఆమెలో మిగల్లేదు. రెండు నెలలకి పోయింది. జబ్బు అప్పటికే ముదిరిందని డాక్టరు అన్నాడు, మామ కూడా నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. బండి అమ్మేస్తూ ఆ పట్టీ మాత్రం ఊడదీసి నా చేతిలో పెట్టాడు.

ఇప్పుడు ఏ పాత బండికైనా లోపలి సామాన్లు ఫోనులో నొక్కితే కొత్తవి ఇంటికే వస్తాయని ఆ విశాఖాయనే చెప్పాడు, అయినా ఒరిజినల్ కోసం తిరుగుతున్నానని గర్వంగా అన్నాడు. అది అప్పటి నా గొంతే. ఆయన వెళ్లాక అటకెక్కి గోనెసంచి విప్పాను. ఆ చెక్క మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు కూర్చున్నాను. నూనె ఎప్పుడో పూర్తిగా ఆరిపోయింది. నా చేతికి ఏమీ కాలేదు.