సుంకమ్మ రీళ్ల బెంచీ

పామిడిలో నీళ్ల బాధ తెలియని మనిషి లేడు. అలాంటి ఊళ్లో సుంకమ్మ కొనుక్కున్న క్యాన్ నీళ్లతో, అంటే నిక్షేపంలాంటి తాగే నీళ్లతో, చేపల గాలం దారం చుట్టుకునే రీళ్లు శుభ్రం చేస్తుంది. కొత్తగా విన్నవాళ్లు ముక్కున వేలేసుకుంటారు. బోరు నీళ్లు తగిలితే రీలు ఆరాక సున్నం కొట్టినట్టు తెల్లటి పూత కడుతుందనీ, ఆ పూత లోపలి పళ్ల చక్రాల్లో చేరితే గరగరలాడుతుందనీ ఆమె చెప్తుంది. చెప్పేది ఒక్కసారే. నమ్మనివాళ్లను బతిమాలే అలవాటు ఆమెకు లేదు.

అయినా ఆమె వాడేది ఎన్ని నీళ్లని? చెంబెడు. రీలును ఎప్పుడూ నీళ్లలో ముంచదు. తడిగుడ్డతో తుడుస్తుంది, పాత టూత్‌బ్రష్షుతో సందుల్లో ఇసుక రాలుస్తుంది, నీడలో ఆరబెడుతుంది. ఆరాక మరలు విప్పి చక్రాలకు తెల్ల గ్రీజు అద్ది, దారం జారే చిన్న రోలరుకు ఒకే ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె వేస్తుంది. రెండో చుక్క వేయమన్నవాళ్లకు చీవాట్లు తప్పవు. పెన్న ఒడ్డున జిలేబి చేపల కోసం కూర్చునే మగమహారాజులు రీలును ఇసుకలో పడేసి బీడీ వెలిగించుకుంటారు. వాళ్ల పుణ్యమా అని ఆమెకు పని కరువు రాలేదు.

ఈ చేతిపని ఆమెకు నాయన దగ్గర నుంచి వచ్చింది. హనుమంతప్ప పామిడి టైలర్లందరికీ కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. ఆయన పోయాక ఆడమనిషి చేతికి మిషన్ ఇచ్చేది లేదని టైలర్లు మొండికేశారు. సుంకమ్మ అంతకన్నా మొండిది. నెల రోజులు నాయన పనిముట్ల పెట్టె ముందు పెట్టుకుని ఆ వీధిలోనే కూర్చుంది. పెళ్లిళ్ల కాలంలో ఒకరి మిషన్ ఆగిపోయి, గతిలేక ఆమెను పిలిచారు. ఆమె దాన్ని నడిపించి ఇచ్చాక ఇంకెవరికీ మాట్లాడే నోరు లేకపోయింది. తీరా ఆమె నిలదొక్కుకునేసరికి మోటారు మిషన్లు వచ్చి, వాటితోపాటు కంపెనీ మెకానిక్కులూ వచ్చారు. గాలాలూ రాడ్లూ అమ్మే కేశవ తన అంగడి పంచలో ఒక బెంచీ వేయించి, రీళ్లు చూడమన్నాడు. పదకొండేళ్లుగా ఆ బెంచీయే ఆమె బతుకుతెరువు.

మొదట్లో ఆమె కూడా ఒక తప్పు చేసింది. రిటైరైన బస్సు కండక్టరు ఈరప్ప రీలు చేతిలో ఉండగా మిషన్ నూనె అయిపోయింది. మన అనంతపురం వాళ్లకు వేరుశెనగ నూనె ఉండగా ఇంకో నూనె గుర్తుకొస్తుందా? తలకూ అదే, తలుపు బందుకూ అదే. ఆమె కూడా నాలుగు చుక్కలు వేసేసింది. నెల తిరిగేసరికి నూనె జిగురై, దుమ్ము పట్టి, రీలు బిగుసుకుపోయింది. ఈరప్ప ఏమీ అనకముందే, తానే చెడగొట్టానని నలుగురి ముందూ చెప్పి, వారం రోజులు దాంతో కుస్తీ పట్టి బాగుచేసి ఇచ్చింది. ఆ రీలు ఇంకా తిరుగుతూనే ఉంది.

కిందటి ఆదివారం పొద్దున ఓబిలేష్ వచ్చాడు. ఊళ్లో గానుగ పెట్టి, గాజు సీసాల్లో వేరుశెనగ నూనె అమ్మే మనిషి. ఆదివారాల్లో పది పదిహేనుమందిని వెంటేసుకుని చేపలకు పోతాడు. వాళ్లంతా కేశవ ఖాతాదారులే. బెంగళూరు నుంచి తెప్పించుకున్న రీలును బెంచీ మీద విసిరేసి, రెండు నెలల కింద సుంకమ్మ చేయి పెట్టినందువల్లే అది పాడైందన్నాడు. ఆ బెంచీ ఈడ ఉంటే తామెవరూ ఈ అంగడి మెట్టెక్కేది లేదని కేశవకు చెప్పాడు.

కేశవ చెడ్డవాడు కాదు, పిరికివాడు. సుంకమ్మ పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు.

"ఒక్క మాట సుంకమ్మా. తప్పయిందను, అయిపోతాది. లేకుంటే ఈ బెంచీ నేను తీసేయాల్సొస్తాది."

సుంకమ్మకు ఒళ్లు మండింది. పదకొండేళ్ల పనికి ఒక్క మాట విలువ కట్టినందుకు మండింది. ఆమె తెల్ల గుడ్డ పరిచి, రీలు పక్క మూత మరలు ఒక్కొక్కటే విప్పింది. ఆదివారం జనమంతా చుట్టూ మూగారు. లోపల ఆమె పెట్టిన తెల్ల గ్రీజు జాడ లేదు. చక్రాల పళ్ల మధ్య బెల్లం పాకంలాంటి ముద్ద, దానికి అంటుకుని ఇసుక. ఆమె ఆ విప్పిన రీలును అందరి ముక్కుల కిందా ఒక్కసారి తిప్పింది. వేరే చెప్పే పని లేదు. మక్కిన శెనక్కాయ నూనె వాసన ఆ జిల్లాలో పుట్టిన ఎవరికి తెలియదు?

ఓబిలేష్ తడుముకోలేదు. అదీ సుంకమ్మే పోసిందన్నాడు. ఇదివరకు ఈరప్ప రీలుకు పోయలేదా, ఆమే ఒప్పుకోలేదా అని జనం వైపు తిరిగి అడిగాడు.

నిజం చెప్పినందుకే ఇప్పుడు దెబ్బ తగిలింది. ఆ రోజు నోరు మూసుకుని ఉంటే ఈ రోజు ఈ మాట వచ్చేది కాదు. ఆ సంగతి సుంకమ్మకు క్షణంలో తట్టింది. అయినా తల దించలేదు.

"అవునప్పా, అప్పుడు పోసినా. పోసినానని ఈడనే చెప్పినా. ఇది మాత్రం నేను పోయలేదు. ప్యాకెట్ నూనెకు ఈ వాసన రాదు, ఇది గానుగ నూనె. గానుగ నూనె కొనేదానికి నాకు యాడ గతి ఉండాది? ఇప్పుడు మా ఇంట్లో ఉండేది పామాయిలు. కావాలంటే పోయి పొయ్యి కాడ చూసి రాపో."

జనం గొల్లున నవ్వారు. ఈరప్ప అయితే బెంచీ మీద అరచేత్తో కొట్టి మరీ నవ్వాడు. గానుగ నూనె అన్నిటికీ మంచిదని ఓబిలేష్ చెప్పని ఇల్లు ఆ ఊళ్లో లేదు మరి.

ఓబిలేష్ ముఖం మాడిపోయింది. కేశవ ఊపిరి పీల్చుకుని, ఇక చాలు, బిగించి ఇచ్చేయమన్నాడు. సుంకమ్మ స్క్రూడ్రైవరు కింద పెట్టేసింది.

"బిగించను. ఎవరు పోసినారో ఈయప్ప నోటితో చెప్పల్ల. చెప్పకుంటే ఈ ముక్కలన్నీ గుడ్డలో మూట కట్టిస్తా, తీసకపోనీ. బెంచీ తీసేస్తావా, తీసెయ్ కేశవన్నా. రోడ్డు పక్కన గోనెపట్ట పరుచుకుంటా. చేసిన తప్పు ఒప్పుకున్నా. చేయంది ఒప్పుకోను."

ఓబిలేష్ విప్పిన చక్రాల వంక చూస్తూ, వానలో తడిసిందని తానే రెండు చెంచాలు పోశానని గొణిగాడు.

"నాకు చెప్తాండావా, రీలుకు చెప్తాండావా?" అంది సుంకమ్మ.

అతను తలెత్తాడు. అందరికీ వినబడేటట్టు మళ్లీ చెప్పాడు. "నేనే పోసినా. సుంకమ్మక్క తప్పు లేదు."

ఆమె గెలిచినట్టు నవ్వలేదు. ఆ నూనె మంచిదే, తాలింపుకు మంచిదని మాత్రం అంది. తర్వాత బెంచీ మీద ఒక పక్కకు జరిగి, చోటు చూపించి, కిరసనాయిలు గిన్నే టూత్‌బ్రష్షూ అతని ముందుకు తోసింది. ఈసారి తాను చేయదు, చెప్తుంది. చేయాల్సింది అతనే. ఓబిలేష్ ఒకసారి తన వెంట వచ్చినవాళ్ల వైపు చూశాడు. ఒక్కరూ అడ్డం రాలేదు. తీసేయమన్న బెంచీ మీదే కూర్చుని, చొక్కా చేతులు మడిచాడు.

"యాడ మొదలుపెట్టల్లక్కా?"

"ముందు చేతులు కడుక్కో," అంటూ సుంకమ్మ చెంబు అందించింది. "ఈ పొద్దుకు ఈ చెంబెడే. పారబోసేవు."