మా అపార్టుమెంటుకి వచ్చిన అరటి గెలలు

ఆ ఏడు వానలు ఎక్కడో పైన పడ్డాయి, వరద మాత్రం మా గోదావరికి వచ్చింది. ఆదివారం పొద్దున్నే అన్నయ్య ఫోన్ చేశాడు. అన్నయ్యకి కొత్తపేట దగ్గర, గోదావరి మధ్యనున్న లంకలో అరటి తోట ఉంది. నేను అమలాపురంలో ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తూ అపార్టుమెంటులో ఉంటున్నాను. తోటతో నాకున్న సంబంధమల్లా అన్నయ్య పంపిన పళ్లు తినడం, బావున్నాయని ఫోన్ చేసి చెప్పడం.

సాయంత్రానికి నీళ్లు తోటలోకి వచ్చేస్తాయట. ఈలోగా గెలలు కొట్టేయాలి. లంకలో అందరి తోటలకీ అదే గండం కాబట్టి కూలీలు దొరకడం లేదు. "బావగారిని ఒక్కసారి పంపగలవేంటమ్మా?" అన్నాడు. అన్నయ్య నన్ను సాయం అడగడం అదే మొదలు.

ఇంట్లో సిగ్నల్ అందక వరండాలో నిలబడి మాట్లాడుతున్నాను. ఎదురింటి పిన్నిగారు పాల ప్యాకెట్టు తీసుకుంటూ అంతా విన్నారు. ఆవిడ బళ్లో టీచరుగా చేసి రిటైరయ్యారు. "మీ ఆయన ఒక్కడూ ఎన్ని మోస్తాడు? అందరం వెళ్దాం" అని, పై అంతస్తు నుంచి మొదలుపెట్టి వరసగా తలుపులు కొట్టేశారు. కాసేపటికి రెండు ఆటోలు నిండిపోయాయి. కింద వాటాలో కొత్తగా దిగిన బ్యాంకు ఆఫీసరు కూడా ఇస్త్రీ చొక్కాతోనే ఎక్కేశాడు. ఆయనది అనంతపురం వైపు.

కాజ్‌వే అప్పటికే మునిగింది. పడవలో దాటి వెళ్తే, అన్నయ్య మా దండుని ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి ఒడ్డుకి దించాడు. తర్వాత కత్తి పట్టుకుని ముందు నడిచాడు. అన్నయ్య కొడుతుంటే మేం రేవు దాకా మోశాం. మొదటి గెల భుజాన పడగానే బ్యాంకు ఆఫీసరు కాలు జారి బురదలో కూర్చుండిపోయాడు. గెలని మాత్రం పసిపిల్లని పొదువుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని వదల్లేదు. మా వదిన నవ్వు ఆపుకుంటూ, "లేవండి బాబూ, గెల బాగానే ఉందండి" అంది. ఆ తర్వాత నవ్వు ఎవరి వల్లా ఆగలేదు.

మధ్యాహ్నం దాటాక ఎర్రనీళ్లు చెట్ల వరసల మధ్యకి మెల్లగా వచ్చాయి. చీలమండలు మునిగేసరికి అన్నయ్య కత్తి దించేశాడు. "ఇంక చాలండీ. మిగిలింది గోదారమ్మకి."

ముదిరిన గెలలు రావులపాలెం వ్యాపారి పట్టుకెళ్లాడు. లేత గెలల్ని ఎవరూ అడగలేదు. మార్కెట్టు నిండా అవే. పశువులకి వేసేస్తానన్నాడు అన్నయ్య. పిన్నిగారు వింటేగా! ట్రాలీ ఆటో మాట్లాడి వాటిని మా అపార్టుమెంటుకి తోలించేశారు. పార్కింగు నిండా గెలలు పేర్చి, స్కూటర్లన్నీ వీధిలో పెట్టుకున్నాం.

ఆ వారమంతా మా మెట్లమీద ఒకటే వాసన. ఒకరింట్లో ఆవపెట్టిన కూర, ఒకరింట్లో వేపుడు, సాయంత్రమైతే బజ్జీలు. పిన్నిగారు గేటు దగ్గర కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్లకి అన్నయ్య తరఫున కాయలు అమ్మారు. కొనడానికి దిగిన మా అపార్టుమెంటు వాళ్లూ ఊరికే పోలేదు. ఒకావిడ రాజోలులో తమ కొబ్బరితోట సంగతి ఎత్తుకుంది. ఇంకొకాయన ధాన్యం లోడుతో మండపేట మిల్లు దగ్గర పడిగాపులు పడ్డ రోజులు చెప్పాడు. అన్నేళ్లుగా నీళ్ల మోటారు గురించి తప్ప మాట్లాడుకోని మాకు, ఇంటింటికీ ఎక్కడో ఒక చేను ఉందని అప్పుడు తెలిసింది.

బ్యాంకు ఆఫీసరు చివరిదాకా విని, తమకి వేరుశనగ చేను ఉండేదని, తను బడికెళ్లే రోజుల్లోనే నాన్నగారు అమ్మేశారని చెప్పాడు. "మాది నీళ్లు లేక పోయింది మేడం. ఇక్కడ నీళ్లు ఎక్కువై పోతోంది" అని నవ్వేశాడు. పిన్నిగారు లేచి బజ్జీల పళ్లెం ఆయన ముందు పెట్టారు.

తోట సగం దక్కింది. వరద తీశాక ఒండ్రు ఆరనిచ్చి, పోయిన వైపు కొత్త పిలకలు నాటడానికి అన్నయ్య ముహూర్తం పెట్టుకున్నాడు. ఈసారి ఫోన్ నాకు కాదు, నేరుగా పిన్నిగారికే చేశాడు.

"అందరినీ తీసుకురండీ. పని లేదండీ, భోజనానికే."

"ఆయ్, వస్తాం. పని కూడా చేస్తాం" అన్నారావిడ.

పంతానికి ఒక వరస మొత్తం ఆవిడే నాటారు. తాడు పట్టకుండా నాటారేమో, అది పాములా మెలికలు తిరిగింది. సరిచేద్దామంటే అన్నయ్య ఒప్పుకోలేదు. ఆ వరస ఇప్పుడు గెలలు వేసింది. తోట చూడ్డానికి ఎవరొచ్చినా వదిన ముందు అక్కడికే తీసుకెళ్తుంది.