మామ్మ అందించిన చప్పుడు

నా చిన్నప్పుడు మా ఇంట్లో తలుపు వెనక కొక్కేనికి ఒక ఖాకీ చొక్కా వేలాడుతూ ఉండేది. హార్బరు వైపు నుంచి గాలి వీచినప్పుడల్లా దాని చేతులు కదిలేవి. అది మా బాబాయిది. నేను పాకే వయసులో ఉండగానే ఆయన ఓడలో సరుకు దించుతూ అడుగున పడి చనిపోయాడు. ఆ పనిలో పెట్టించింది మా తాతయ్యే. ఆనాటి నుంచి ఆ పేరు ఇంట్లో ఎవరూ ఎత్తకూడదంది మామ్మ. చొక్కాను మాత్రం తీయనివ్వలేదు, దానిమీది ఎర్రటి ఖనిజం దుమ్మయినా దులపనివ్వలేదు. నాకు ఆ చొక్కా తెలుసు, దాన్ని చూస్తే పుట్టే భయం తెలుసు. పేరే తెలియదు.

నా మూడో తరగతిలో తాతయ్యకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. నోటి దురుసు కొద్దీ రోజూ మాటలు పడేదాన్ని నేను. మాటే పడిపోవడమేమిటో నాకు అంతుపట్టలేదు. మనం చెప్పేది ఆయనకు తెలుస్తూనే ఉండేది. తాను చెప్పబోతే మాత్రం గాలి వచ్చేది, మాట వచ్చేది కాదు.

ఆ మధ్యే పక్కింట్లోకి వచ్చిన అక్క ఆసుపత్రిలో అలాంటివాళ్ళకు మాట నేర్పే పని నేర్చుకుంటోంది. ఆదివారం చర్చి నుంచి వస్తూనే తాతయ్య మంచం పక్కన కూర్చునేది. మాటల జోలికి పోకుండా చప్పుళ్ళతో మొదలుపెట్టింది. పెదాలు మూయించి ‘మ్మ్’ అనిపించేది.

"ఏటమ్మా, ముసిలోడికి ఓనమాలా?" అని మామ్మ వంటింట్లోంచి ఎకసెక్కమాడేది.

"ఓనమాలు కాదు మామ్మా, అంతకన్నా ముందుయి," అనేది అక్క.

తర్వాత ఒక్కో వస్తువూ చూపించి, దాని పేరులో మొదటి చప్పుడు మాత్రం అందించేది. ‘నీ’ అంటే, చాలాసేపటికి తాతయ్య ‘ళ్ళు’ కలిపేవాడు. ఆ చాలాసేపు నావల్ల అయ్యేది కాదు. మాట మొత్తం నేనే అరిచేసేదాన్ని. అక్క నా నోటికి చెయ్యి అడ్డం పెట్టి, "నువ్వే అనీస్తే తాతకి ఏటి మిగుల్తాదే? మొదలు అందించు. ఆపైన నోరు మూసుకో," అంది. నన్ను నోరు మూసుకోమన్నవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, ఎందుకో చెప్పింది ఆమె ఒక్కతే.

ఒక ఆదివారం తాతయ్య గ్లాసూ వద్దన్నాడు, దువ్వెనా వద్దన్నాడు. బాగున్న చెయ్యి ఎత్తి తలుపు వెనకకు చూపించాడు. అక్క ‘చొ’ అంది. తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ అటే చూపించాడు. ఆయనకు కావలసింది చొక్కా పేరు కాదని, చొక్కా తొడుక్కున్నవాడి పేరని అప్పుడు అర్థమైంది. అక్కకు ఆ పేరు తెలియదు. అమ్మ తల దించుకుంది. తాతయ్య నోరు తెరిచాడు, మూశాడు, ఏడవసాగాడు. ఇన్నేళ్ళూ నోరుండీ అనలేదు. అనాలనుకున్న రోజున నోరు లేదు.

చేపలు తోముతున్న చేతులతోనే మామ్మ గుమ్మంలోకి వచ్చింది. కోప్పడుతుందనుకున్నాను.

"నానే కదా అననీయనేదు," అంది నెమ్మదిగా. "నానే అందియ్యాల."

మంచం అంచున కూర్చుని పెదాలు బిగించింది. చప్పుడు రాలేదు. ఆమెకు ఏ పక్షవాతమూ లేదు, అయినా రాలేదు. తాతయ్య ఆమె నోటివైపే చూస్తున్నాడు. ఎప్పటికో ‘బ’ అని ఒక్కటి బయటపడింది. అక్కడితో ఆగింది మామ్మ. నేను రెండు చేతులతో నా నోరు నేనే మూసుకున్నాను. తాతయ్య మిగతాది కలిపాడు.

మా బాబాయి పేరు నేను మొదట విన్నది అలా. ఇక తాతయ్య ఆపలేదు. చీకటి పడేదాకా అదే పేరు, ఒకసారి పిలిచినట్టు, ఒకసారి వెతికినట్టు. ప్రతిసారీ మామ్మ "ఊఁ" అంటూనే ఉంది, వెళ్ళిపోయినవాడి తరఫున. నేను తలుపు వైపు చూడలేకపోయాను. అంతగా పిలిస్తే ఎవరైనా వచ్చేస్తారేమోనని.

ఇప్పుడు మా ఇంట్లో ఆ పేరు తెలిసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను. రేపు నాకూ మాట పడిపోతే, మొదలు అందించడానికి ఒకరుండాలి కదా. అందుకే మొన్న మనవరాలిని కూర్చోబెట్టుకుని ఆ పేరు చెప్పాను. "ఎవరు నానమ్మా?" అంది. ఇంత వాగుడుకాయనైనా, నాకు మొదటి మాటే అందలేదు. పిల్ల నాకంటే నయం. మధ్యలో అందుకోకుండా, నా నోటివైపే చూస్తూ కూర్చుంది.