మేడం గారి గడప

మేడం పోయిన కబురు మా వార్డులో అందరికంటే ఆఖరున అందింది నాకే. ఆ ఉదయం మోకాలి ఆపరేషన్ అయిన ఒక ఆటో డ్రైవర్‌ని మొదటిసారి నిలబెడుతున్నాను. జేబులో ఫోను మోగి మోగి ఆగిపోయింది. కబురు తెలిసిన ఆయా తలుపు దాకా వచ్చి, నన్ను చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఆగిపోయింది. నిలబెట్టిన పేషెంటును వదిలి ఫోనెత్తకూడదు, ఎవరూ మాట్లాడించకూడదు. అది మేడం పెట్టిన నియమం. అతను నాలుగడుగులు వేసి, మంచం మీద కూర్చుని చెమట తుడుచుకున్నాకే ఆయా చెప్పింది.

"బావూ, మన నడకల మేడం ఇంక లేరంట."

నిద్రలోనే పోయారట. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. తన చావు కబురుకి కూడా తన నియమం తప్పనివ్వలేదు చూడు ఈవిడ, అనుకోగానే ఆ ఏడుపులోనే నవ్వూ వచ్చింది. ఆవిడతో ఎప్పుడూ ఇదే తంటా.

ఎముకల వార్డుకీ సర్జరీ వార్డుకీ ఆవిడే పెద్ద ఫిజియోథెరపిస్టు. నేత చీర మీద తెల్లకోటు, కాళ్ళకు కాన్వాసు బూట్లు, కొప్పులో పెన్ను. ఆ పెన్ను కోసం రోజుకు రెండుసార్లయినా టేబులంతా వెతికేవారు, కొప్పులో ఉందని మేమెవరమూ చెప్పేవాళ్ళం కాదు. సర్జన్లతో ఇంగ్లీషులో వాదించి, అదే ఊపులో తిరిగి పేషెంటుతో "ఏటే అప్పా, రాత్రి నిద్రోయావా?" అనేవారు. మా నాన్నగారు గోదావరి జిల్లా నుంచి ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఇంట్లో అలవాటైన "ఆయ్" నా నోట్లోంచి వచ్చిన మొదటి రోజే మేడం నాకు "ఆయ్ బాబు" అని పేరు పెట్టేశారు. నా అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా మిగల్లేదు.

అడుగులను ఆవిడ ఒకటి, రెండు అని లెక్కపెట్టించేవారు కాదు. ఎవరి ఊరికి వెళ్ళే బస్సు స్టాపులు వాళ్ళకు చెప్పేవారు. పెందుర్తి వైపు వాళ్ళయితే వరండాలో ఒక్కో కిటికీకీ ఒక్కో స్టాపు. "ఇది గోపాలపట్నం. ఇది వేపగుంట. ఇంకొక్క కిటికీ, పెందుర్తి వచ్చెత్తాది, ఇక్కడ దిగిపోతే ఎలగ?" అంటే, నొప్పితో పళ్ళు బిగించినవాడు కూడా నవ్వేసి ఇంకో నాలుగడుగులు వేసేవాడు.

కడుపు ఆపరేషన్ అయిన చేపలమ్మే మనిషి ఒకావిడ ఉండేది. కుట్లు తెగిపోతాయన్న భయంతో గట్టిగా ఊపిరే తీయదు. తీయకపోతే ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుంటుందని నేను బొమ్మ గీసి మరీ చెప్పాను, వినలేదు. మేడం వచ్చి, ఆవిడ పొట్టకు దిండు అదిమి పట్టించి, "మా మల్కాపురం వీధిలో ఎలగరుస్తావో అలగ అరువు, సూద్దాం" అన్నారు. మొదట సిగ్గుపడింది. తర్వాత నిండా ఊపిరి తీసి, "సేపలో...!" అని ఒక్క కేక పెట్టింది. వార్డు చివరి మంచం మీద కాలు వేలాడదీసి ఉన్న పెద్దాయన, "వంజరం ఉందేటి?" అని అడిగాడు. అందరం పడీపడీ నవ్వాం. కుట్లు నొప్పెడుతున్నా, దిండు హత్తుకుని ఆవిడ కూడా నవ్వింది.

ఇక గడప సంగతి చెప్పాలి. మేడం గురించి చెప్పడమంటే అదే.

నేను ఉద్యోగంలో చేరిన మొదటి నెల. సబ్బవరం దగ్గర పల్లె నుంచి ఒక రైతు కుటుంబపు ఆవిడ, అరవై దగ్గర పడిన మనిషి, పొలం గట్టు మీద జారి కుడి తుంటి విరగ్గొట్టుకుని వచ్చింది. ఆపరేషన్ చేసి తుంటి బంతి మార్చారు. మూడు నెలలు నడుము వంచకూడదు. నేనే ఆవిడకు వాకర్‌తో నడక నేర్పాను. మెట్టు ఎక్కాలంటే బాగున్న కాలు ముందు, ఆపరేషన్ కాలు వెనక. మా గదిలోని చెక్కమెట్ల మీద ఆవిడ తప్పు లేకుండా ఎక్కింది. మురిసిపోయి ఇంటికి పంపించాను.

మూడో రోజు స్ట్రెచర్ మీద వెనక్కి వచ్చింది. ఇంటి గుమ్మం దగ్గర పడిపోయిందట. అదృష్టం, ఎక్స్‌రేలో బంతి కదలలేదు. కానీ ఆవిడ ధైర్యం పూర్తిగా కదిలిపోయింది. "నాను లెగను. మంచం మీదే ఉంటాను. ఇంకెవులూ నన్ను లేపకండి" అని గోడవైపు తల తిప్పేసుకుంది. అలా మంచం పట్టినవాళ్ళు ఏమవుతారో ఈ వృత్తిలో అందరికీ తెలుసు.

ఎలా పడిందో వెంట వచ్చిన ఆడపడుచు చెప్పింది. "పెద్దాపరేషనై ఇంటికొత్తంది కదా, ఎడంకాలెట్టుకుని వత్తాదేటి? కుడికాలెట్టి రాయే అన్నాను." ఆపరేషన్ అయిందే కుడికాలు. ఆవిడ నేను చెప్పింది పక్కన పెట్టి, వదినగారి మాట విని, ఆ కాలే ముందు వేసి గడప మీద కూలబడింది.

నాకు ఒళ్ళు మండింది. మూఢనమ్మకాలతో మనిషిని చంపేస్తారా అని ఆ ఆడపడుచు మీద అరిచేశాను. మేడం నన్ను పక్కకు పిలిచారు.

"ఆళ్ళింటి గడప సూసావా?"

"లేదు మేడం."

"గుమ్మంలోకి ముందు ఏ కాలెడతారో అడిగావా?"

"లేదు."

"మరేటి నేర్పేవు? ఎముక డాట్రు అతికిత్తాడు. మనిషిని ఇంటికి అతికించాల్సింది మనం. ఆళ్ళకి తెలిసింది ఆళ్ళు సేసారు. అడగలేదు సూడు, అది నీ తప్పు."

ఆ సాయంత్రం రాజీనామా కాగితం రాసి ఆవిడ టేబుల్ మీద పెట్టాను. నా చేతుల మీదుగా ఒక మనిషి మంచాన పడిపోతే ఈ పని నాకెందుకు అనిపించింది. ఆవిడ చదివి, మడిచి, కోటు జేబులో పెట్టుకుని, "రేపు ఆదివారం కదా, నీ స్కూటరు తీసుకురా" అన్నారు, అంతే.

మర్నాడు నా వెనక కూర్చుని, చేతిలో దర్జీ టేపు పట్టుకుని, సబ్బవరం దాకా వచ్చారు. ఆ ఇంటి ముందు రెండు మెట్లు, వాటిపైన జానెడు ఎత్తు గడప. కొలతలు తీసుకున్నారు, వాళ్ళు పెట్టిన టీ తాగారు, తిరుగు దారిలో పాత ఇళ్ళ కలప అమ్మే చోట దిగి, అదే ఎత్తున్న గడప ఒకటి బేరమాడి కొన్నారు. సోమవారం పొద్దున అది మా ఫిజియోథెరపీ గదిలో ఉంది. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి ఉంది. ఒకవైపు కొంచెం ఊగుతోంటే, మేడం జేబులోంచి నా రాజీనామా కాగితం తీసి, ఇంకో రెండు మడతలు పెట్టి గడప కింద దోపారు. ఊగడం ఆగింది. నేను కూడా ఆగిపోయాను.

తర్వాత ఆడపడుచును పిలిపించారు. నేను తిట్టిన తిట్లకు ఆవిడ మొహం ఇంకా ముడుచుకునే ఉంది. "అమ్మా, ఇంటికి కుడికాలే ముందు రావాల. మీరన్నది నిజమే. అందుకని మీరు ముందు కుడికాలెట్టి లోపలికెల్లి కుర్చీ సరిసెయ్యండి. ఇంటికి కుడికాలొచ్చెత్తాది. ఆ ఎనక మీ మరదలు ఏ కాలుకి బలముంటే ఆ కాలుతో వత్తాది" అన్నారు మేడం. ఆడపడుచు కొంగు నడుముకు దోపి, కొత్తకోడలిలా కుడికాలు పెట్టి గడప దాటింది. "అడ్డం సెప్పేవోళ్ళకి పనిచ్చెయ్యాల రా" అని నా చెవిలో అన్నారు మేడం.

చక్రాల కుర్చీలో తీసుకొచ్చిన రోగి, వదినగారు దాటడం చూశాక లేవడానికి ఒప్పుకుంది గానీ, వాకర్ పట్టుకుని గడప ముందే ఆగిపోయింది. దాటలేక కాదు. గడపకు మొక్కకుండా దాటడం ఆవిడకు ఇష్టం లేదు, వంగితే బంతి జారుతుంది. "నువ్వొంగకు. నీ బదులు నాను మొక్కుతాను" అని మేడం వంగి, ఆ పసుపు తాకి, కళ్ళకద్దుకున్నారు. అప్పుడు ఆవిడ వాకర్ లోపల పెట్టింది. ఎడమకాలు వేసింది. కుడికాలు తెచ్చి పక్కన చేర్చింది. ఒక్క మనిషి ఒక్క గడప దాటితే ఆ గదిలో పెళ్ళి జరిగినంత గోల చేశాం.

అప్పటి నుంచి ఎవరిని ఇంటికి పంపినా ఆ గడప దాటించే పంపేవాళ్ళం. వంగలేని వాళ్ళందరి బదులూ మేడమే మొక్కేవారు. "ఇంతమంది మొక్కులు మొక్కితే నాకు పుణ్యం రాలేదు గానీ నడుం నొప్పి వచ్చింది, రారా ఆయ్ బాబూ, నాకూ కొంచెం ఫిజియో సెయ్యి" అని నవ్వేవారు. రిటైరయ్యాక కూడా వారానికోసారి వచ్చి, ఆ గడపకు తనే పసుపు రాసి వెళ్ళేవారు. నేను మనుషులను ముందు అడగడం నేర్చుకున్నది ఆవిడ దగ్గరే. నేను ఈ పనిలో ఉన్నానంటే ఆవిడ వల్లే.

పెద్దకర్మ రోజు మల్కాపురంలోని ఆవిడ ఇంటికి వెళ్ళాను. శుద్ధి అయ్యాక మేడం కోడలు గడపకు మళ్ళీ పసుపు రాసింది. వీధి నిండా మా పాత పేషెంట్ల చేతికర్రలు, వాకర్లు. ఒక్కొక్కళ్ళూ గుమ్మం దగ్గర ఆగి, తమ కాళ్ళవైపు చూసుకుని, ఏ కాలో గుర్తు చేసుకుని, గడపకు మొక్కుదామని చూసి వంగలేక నిలబడిపోతున్నారు. నేను వెళ్ళి గడప పక్కన కూర్చున్నాను. వాళ్ళందరి బదులూ నేనే మొక్కాను. నా చేతులు రెండూ పసుపయ్యాయి. చేపలమ్మే ఆవిడ దాటింది, ఇంకా చాలామంది దాటారు.

ఆఖరున సబ్బవరం ఆవిడ వచ్చింది. ఆడపడుచు ముందు కుడికాలు పెట్టి లోపలికి వెళ్ళింది. ఆవిడ బదులు మొక్కుదామని నేను గడప వైపు చెయ్యి చాచాను.

"లెగు ఆయ్ బాబూ. ఈపాలి నాను ఒంగుతాను" అంది ఆవిడ.

కర్ర నా చేతికిచ్చింది. ఒక చేత్తో ద్వారబంధం పట్టుకుని, ఆపరేషన్ కాలు వెనక్కి చాచి, ఆపరేషనై మూడు నెలలు దాటాక మేడమే నేర్పిన పద్ధతిలో, మెల్లగా వంగింది. పసుపు తాకింది, కళ్ళకద్దుకుంది. లేవబోయి ఆగి, మళ్ళీ వంగి ఇంకోసారి తాకింది.

"ఇది మేడం బదులు" అంది. లేచి నిలబడి, ఎడమకాలు లోపల పెట్టింది.