పిట్టల రిజిస్టరులో ఎర్ర గీత

పోయిన ఆదివారం హఫీజ్‌పేటలో మా ఇంటి నుంచి బయలుదేరి, రెండు ఆటోలు మారి, నేను పదిహేనేళ్లు కాపలా కాసిన క్యాంపస్ వెనక సందులోకి వెళ్లాను. పనేమీ లేదు, మోకాళ్లు ఇంకా నా మాట వింటున్నాయి కనుక వెళ్లాను. మెడలో దుర్భిణి వేసుకుని గోడ మీదికి వాలిన తుమ్మకొమ్మలోకి చూస్తూ నిలబడితే లోపలి నుంచి సెక్యూరిటీ ఆయన వచ్చి, ఇక్కడ నిలబడకూడదు, ఏం చూస్తున్నారు అని అడిగాడు. పిట్టల్ని లెక్కబెడుతున్నానన్నాను. ఆయన నన్ను కిందికీ మీదికీ చూసి, ఈ అద్దాల బిల్డింగుల మధ్య పావురాలు తప్ప ఏం పిట్టలుంటాయి పెద్దాయనా అని నవ్వాడు. పాపం ఆయన డ్యూటీ ఆయన చేశాడు, అక్కడ గేటు దగ్గర నేనున్న రోజుల్లో నేనైనా అలాగే అడిగేవాణ్ణి. కానీ ఆ నవ్వు మాత్రం ఇంటిదాకా నా వెంట వచ్చింది. ఏం పిట్టలుంటాయా? అదే గోడ లోపల ఒక్క ఏడాదిలో డెబ్బై ఒక్క రకాలు చూసి రాసిన చెయ్యి ఇది. ఆ చెయ్యి ఊరుకోలేకనే ఇప్పుడు కలం పట్టింది.

నా ఈడువాళ్లలో జొన్న చేను కాపలా కాసినవాళ్లు ఉంటే వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. పాలమూరు జిల్లాలో మా చేను చిన్నది, దాని మీద పడే పిట్టలు మాత్రం లెక్కలేనన్ని. బడి లేని రోజు తెల్లవారకముందే మంచె ఎక్కి, ఒడిసెలలో రాయి పెట్టుకుని, వచ్చేది చిలుకల గుంపా పిచ్చుకల గుంపా అని చప్పుడును బట్టే తెలుసుకోవాలి, కంకి మీద వాలాక తెలుసుకుంటే మా నాయన చేతి దెబ్బలు ఖాయం. అందుకని నాకు పిట్టలు ప్రేమవల్ల తెలియలేదు, దొంగల మొహాలు పోలీసుకు తెలిసినట్టు తెలిశాయి. ప్రేమ తర్వాతెప్పుడో పుట్టింది, అదీ చేను అమ్ముడుపోయి, వాటివల్ల నాకు నష్టమేమీ లేదని తేలిన తర్వాత.

మా అక్క మొగుడు అప్పటికే హైదరాబాదులో సెక్యూరిటీ ఏజెన్సీలో ఉండేవాడు. ఆయన మాట సాయంతో నాకూ ఉద్యోగం దొరికి, హైటెక్ సిటీ అవతల ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ వెనక గేటు నా పాలబడింది. ముందు గేటు అంటే కార్లు, సలాములు, విదేశీ అతిథులు. వెనక గేటు అంటే క్యాంటీన్ కూరగాయల బండి, డీజిల్ ట్యాంకర్, హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు. కానీ నా గేటుకు ఎదురుగా, కాంపౌండు లోపలే, ఎప్పటిదో పాత రాళ్ల క్వారీ గుంత ఉండేది, నిండా వాననీళ్లు, చుట్టూ బండలు, సీతాఫలం పొదలు, తుమ్మలు. అక్కడ కట్టడానికి అప్పటికింకా ప్లాను రాలేదు. పొద్దున ఆరింటి నుంచి సాయంత్రం ఆరింటిదాకా ఆ నీళ్లకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చోవడం నా ఉద్యోగం. అద్దాల లోపల కూర్చున్నవాళ్లు నన్ను చూసి జాలిపడేవాళ్లు, నేను వాళ్లను చూసి.

ఆ కంపెనీలో పిట్టల పిచ్చి ఉన్నవాళ్లు పదిమంది దాకా కలిసి ఒక పందెం పెట్టుకున్నారు. జనవరి మొదటి రోజు నుంచి డిసెంబరు ఆఖరుదాకా కాంపౌండు లోపల ఎవరు ఎక్కువ రకాల పిట్టలు చూస్తే వాళ్లు గెలిచినట్టు. బహుమతి ఏమీ లేదు, క్యాంటీన్ గోడకున్న తెల్ల బోర్డు మీద గెలిచినవాళ్ల పేరు మరుసటి ఏడాదంతా అందరికన్నా పైన ఉంటుంది, అంతే. ఆ అంతేకోసం చదువుకున్న పెద్దమనుషులు పడే పాట్లు చూసి నేను మొదట్లో లోలోపల నవ్వుకునేవాణ్ణి. గుంటూరు వైపు మేడమ్ ఒకావిడ, ప్రాజెక్టు నడిపించేది, ఓ పొద్దున నా గేటు దగ్గర నిలబడి పుస్తకం తిరగేస్తూ తలకిందులవుతుంటే, అది పసిరిక పిట్టమ్మా, ఈగల్ని పట్టుకుంటది అని చెప్పాను. రెండో రోజు లకుముకిని, మూడో రోజు బుడుబుంగను చెప్పాను. నాలుగో రోజు ఆవిడే బోర్డు మీద నాకూ ఒక వరుస వేయించింది.

వేయించింది సరే, ఆ వరుసకు ఎవరో ఇంగ్లీషులో బ్యాక్ గేట్ అని రాశారు. మిగతా వరుసలన్నిటికీ మనుషుల పేర్లు, నా వరుసకు గేటు పేరు. ఒక వారం ఓపిక పట్టాను. తర్వాత ఒక మధ్యాహ్నం భోజనానికి వెళ్లినప్పుడు తడిగుడ్డతో దాన్ని తుడిచేసి నా పేరు తెలుగులో, ఇంటిపేరుతో సహా రాసి వచ్చాను. ఎవరూ ఏమీ అనలేదు. అన్నా మళ్లీ తుడిచి మళ్లీ రాసేవాణ్ణి.

వానలు మొదలయ్యేసరికి నాతో సరిసమానంగా నిలిచినవాడు ఒక్కడే మిగిలాడు. ఆయన్ని అందరూ లెన్స్ సారు అనేవాళ్లు, చంకలో పసిబిడ్డంత కెమెరా ఉండేది. పాతబస్తీ దగ్గర పుట్టి పెరిగినవాడు, మాట కటువు, మనసు కాదు. నా లెక్కకు అడ్డుపుల్ల వేసింది, సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే టెస్టింగ్ టీము సారు ఒకాయన. ఫోటో అయినా ఉండాలి, రెండో మనిషైనా చూసి ఉండాలి, ఈ గార్డు ఒంటరిగా చూశానన్నవి ఎలా లెక్కలోకి తీసుకుంటాం అని ఓ రోజు క్యాంటీన్‌లో అందరి ముందూ అన్నాడు. ఆ ఉద్యోగమే అలాంటిది, ఒక తప్పు దొరికితే ఇంకా వంద ఉన్నాయనుకోవడం వాళ్లకు జీతమిచ్చే గుణం. మేడమ్ నా పక్షాన మాట్లాడి, ఆయన ఒక్కడే చూశాడంటే ఆ వేళకి మనమెవ్వరం లేచి రాలేదనే కదండీ అర్థం అంది. ఆవిడ అలా అన్నా నా తరపున నేను మాట్లాడుకోవాలనిపించింది. టీ కప్పు పక్కన పెట్టి లేచి నిలబడ్డాను.

"సార్, ఈ కంపెనీలకు ఎవరొచ్చిన్రు, ఎప్పుడు పోయిన్రు అంటే నా రిజిస్టరే తీస్తరు. పోలీసులొచ్చినా గదే అడుగుతరు. మనుషుల సంగతిల నా రాత నమ్ముతరు, పిట్ట సంగతిల నమ్మరా?"

ఆ రోజు నుంచి నా పిట్టలకు ఫోటో అడగలేదు, రిజిస్టరే సాక్ష్యమని ఒప్పుకున్నారు. మేడమ్ స్టోర్స్ నుంచి కొత్త విజిటర్ల రిజిస్టరు ఇప్పించింది. దాంట్లో గడులు మామూలువే: పేరు, ఎక్కడి నుంచి, ఎవరిని కలవాలి, వచ్చిన సమయం, వెళ్లిన సమయం. నారాయణ పక్షి గోపన్‌పల్లి వైపు నుంచి, కప్పను కలవడానికి, ఏడూ పదికి వచ్చి ఎనిమిదింటికి పోయింది అని రాసేవాణ్ణి. జాలె డేగ ఎవరిని కలవడానికొచ్చిందో గోరింకల అరుపులే చెప్పేవి. ఉద్యోగంలో చేరిన మొదటి రోజున మా ముసలి సూపర్‌వైజరు రెండే నియమాలు నేర్పాడు, ఆ రెండూ ఈ పుస్తకానికీ వర్తింపజేశాను. కంటితో చూడకుండా ఎవరినీ లోపలికి వచ్చినట్టు రాయకూడదు. తప్పు రాస్తే చెరపకూడదు, తెల్ల రంగు పూయకూడదు, కింది అక్షరాలు కనబడేట్టు ఎర్ర సిరాతో ఒక్క గీత గీసి పక్కన సంతకం పెట్టాలి.

ఆ మొదటి నియమాన్ని నేనే తప్పాను. ఆఫీసులో ఆడవాళ్లంతా పచ్చిక మీద బతుకమ్మలు పేరుస్తున్న సాయంత్రం అది, పాటలు ఇంకా మొదలు కాలేదు. నాకూ లెన్స్ సారుకూ మధ్య తేడా ఒక్కటి, పైన ఉన్నది ఆయన. ఆరు కావస్తోంది, నా బదులు డ్యూటీకి వచ్చే ఆయన ఇంకా రాలేదు. అప్పుడు జనరేటర్ గది వెనక సీతాఫలం పొదల్లో నుంచి రెండు ముక్కల ఈల వినబడింది. పొన్నంగి పిట్ట. వానాకాలం మొదట్లో మా ఊరి పొదల్లో పొద్దుగూకే వేళ విన్న ఈల, నలభై ఏళ్ల తర్వాత విన్నా ఒళ్లు పులకరించింది. పొదల దాకా వెళ్తే గేటు వదిలినట్టవుతుంది. చెవిని నమ్మాను. పొన్నంగి, వచ్చిన సమయం అయిదూ నలభై అయిదు అని రాసేశాను. వెళ్లిన సమయం గడి ఖాళీగా వదిలాను, ఎందుకంటే అది రావడమే నేను చూడలేదు. గేటు బయట గొంతు విని మనిషి లోపలికి వచ్చినట్టు రాయడం లాంటిదే ఇది, ఇంకెవరైనా ఇలా చేసి ఉంటే నేనే నిలదీసేవాణ్ణి. మర్నాడు పొదలన్నీ వెతికాను, పొన్నంగి లేదు. వెళ్లిపోయి ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను. ఆ తర్వాత ఆ పేజీ తిప్పాల్సివచ్చినప్పుడల్లా చూపు పక్కకు తిప్పుకునేవాణ్ణి.

డిసెంబరు చివరికి ఇద్దరం డెబ్బై రెండు దగ్గర సమానంగా ఉన్నాం. ఇద్దరి పేర్లూ పైన ఒకే వరుసలో రాయాలని మేడమ్ ముచ్చటపడుతోంది. మా ఇంట్లో సంగతి చెబితే మా ఆమె, ఆ బోర్డు ఫోటో తీసి తీసుకురా, చెల్లెలికి చూపిస్తానంది. అలాంటి రోజుల్లో ఒక పొద్దున లెన్స్ సారు నా గేటు దగ్గర టీ తాగుతూ మేడమ్‌తో నవ్వులాటగా ఒక సంగతి చెప్పాడు. బతుకమ్మ నాడు సాయంత్రం పొన్నంగి వస్తుందేమోనని జనరేటర్ గది వెనక పొదల్లో ఫోను పెట్టి దాని కూత మోగించాడట, ఒక్క పిట్టా రాలేదు, ఫోను ఛార్జింగు మాత్రం అయిపోయిందట. ఆవిడ నవ్వింది. నేను తేలు కుట్టిన దొంగలా కదలకుండా నిలబడ్డాను.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నిజమే, నన్ను ఎవరూ పట్టుకోలేరు, లెన్స్ సారుకు కూడా నా పేజీలో ఏముందో తెలియదు, ఆయనెప్పుడూ మొత్తం చూసేవాడు గాని వివరం చూసేవాడు కాదు. రెండు రోజులు అన్నం సహించలేదు. పేరు పోతుందన్న బాధ ఒక పాలు, మనుషుల సంగతిలో నమ్మే రాతను పిట్టల సంగతిలో నమ్మరా అని అంతమంది ముందు అడిగిన నోరు నాదేనన్న సిగ్గు మూడు పాళ్లు. మూడో రోజు ఎర్ర కలం తీసి గీత గీసి సంతకం పెట్టి, రిజిస్టరు చంకన పెట్టుకుని క్యాంటీన్‌కు వెళ్లి, అందరూ చూస్తుండగా నా వరుసలో డెబ్బై రెండు తుడిచి డెబ్బై ఒకటి వేశాను. కారణం కూడా చెప్పాను.

మేడమ్‌కు కోపం వచ్చింది, నా మీద కాదు, లెన్స్ సారు మీద. కూత మోగించి పిట్టల్ని పిలవకూడదని పందెంలో నియమం ఉంది, ఆయన్నే తీసెయ్యాలి అంది. ఆ మాటకు తలూపితే నేనే గెలిచేవాణ్ణి. ఊపలేదు.

"ఆయన ఫోన్ మోగించిండు గని పిట్టను రాసుకోలే మేడమ్. నేను పిట్టను చూడకుండ రాసుకున్న. గీత నా పేజీలనే పడాలె."

అంతటితో అయిపోతే బాగుండేది. టెస్టింగ్ సారు లేచి, చూశారా, ఒకటి తప్పని తేలింది, ఈయన ఒక్కడే చూసినవి ఇంకా పదకొండు ఉన్నాయి, అవీ తీసెయ్యాల్సిందే అన్నాడు. గెలుపు పోయినందుకు నాకు అంత మంట లేదు, ఈ మాటకు మాత్రం నెత్తురు తలకెక్కింది. ఆ పదకొండులో తెల్లవారుజామున మంచులో చూసిన వంగపండు పిట్ట ఉంది, వానలో తడుస్తూ చూసిన తోక పిగిలి పిట్ట ఉంది. రిజిస్టరు తెరిచి ఆ గీత ఉన్న పేజీ ఆయన ముందు పెట్టాను.

"ఏడాది పొడుగున ఒక్క కొట్టివేత లేని రిజిస్టర్ ఎవలన్న చూపిస్తే, అది గేటు కాడ రాసింది గాదు, ఇంట్ల కూసోని రాసింది అని నేను చెప్త సార్. నా దాంట్ల గీత ఉన్నది. అందుకే మిగిలినయి నమ్మాలె."

లెన్స్ సారు అంతదాకా తల దించుకుని ఉన్నాడు. లేచి బోర్డు దగ్గరికి వెళ్లి, నా డెబ్బై ఒకటిని మార్కరుతో ఇంకా ముదురుగా దిద్దాడు. "ఆ పదకొండు ఉంటయి. అవి తీస్తే నాయి గూడ తీసెయ్యున్రి," అన్నాడు. ఆ పదకొండూ నిలిచాయి. మరుసటి ఏడాదంతా ఆయన పేరు పైన, నా పేరు దాని కింద, తెలుగులో, ఇంటిపేరుతో సహా ఉన్నాయి. మా ఆమె ఆ ఫోటోనే చెల్లెలికి చూపించింది.

ఇప్పుడు ఆ క్వారీ గుంత లేదు, దాని మీద పద్దెనిమిది అంతస్తులు లేచాయి. గేటు దగ్గర రిజిస్టరు లేదు, మొహం చూసి తెరుచుకునే యంత్రం ఉంది. మణికొండ, చందానగర్ కుర్రవాళ్లు ఫోను పట్టుకుని నిలబడితే చాలు, కూసింది ఏ పిట్టో ఫోనే చెబుతుంది. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి, కాదనను, వాళ్లు నాకన్నా ఎక్కువ చూస్తున్నారు, చూడనివ్వండి. ఒక్కటే నాకు దిగులు. ఫోనులో తప్పు రాస్తే వేలితో ఒక్క నొక్కు నొక్కితే పోతుంది, రాసినట్టు గుర్తు కూడా మిగలదు. తప్పులు చేయనివాళ్ల జాబితాల్లాగే ఉంటాయి అందరివీ, నున్నగా. నేను రిటైరయిన రోజున రిజిస్టర్లన్నీ అప్పగించి పొమ్మన్నారు. మనుషులవి అప్పగించాను. పిట్టలది ఇవ్వలేదు, అడిగినా ఇవ్వను. ఇంటికి ఎవరైనా పిట్టలవాళ్లు వచ్చి ఆ ఏడాది మీరు ఏమేం చూశారని అడిగితే, నేను ముందు చూపించేది వంగపండునూ కాదు, తోక పిగిలినీ కాదు. చూడని పొన్నంగిని చూపిస్తాను, దాని మీది గీతను చూపిస్తాను, ఆ తర్వాతే మిగిలిన డెబ్బై ఒకటి.