పరదేశి పెట్టని సంతకం

హిందీ రాష్ట్రంలో, మోవా పేటలో మా పక్క వాటాలో ఉండే పరదేశి ఇరవై రెండేళ్లు ఒక ఇనుప మిల్లులో క్రేన్ నడిపాడు. శ్రీకాకుళం యాసలో హిందీ కలిపి నెమ్మదిగా మాట్లాడతాడు. పనిలోనూ అంతే నిదానం.

మొన్న మే నెలలో కొలిమి దగ్గర పనిచేసే దానయ్య వడదెబ్బ తగిలి కూలిపోయాడు. చూసింది పైన క్యాబిన్లో ఉన్న పరదేశి ఒక్కడే. హారన్ నొక్కితే మోగలేదు. అది పాడై రెండు నెలలయింది. ఆ హోరులో అరుపు ఎవరికి వినిపిస్తుంది? కొక్కేనికి కడ్డీల కట్ట వేలాడుతోంది. బరువుండగా క్యాబిన్ వదలకూడదని రూలు. కట్టను నేలకు దింపి, నిచ్చెన దిగి వచ్చేసరికి దానయ్య ప్రాణం పోయింది.

వారానికి కంపెనీ నుంచి పరదేశికి ఇంగ్లీషు కాగితం వచ్చింది. పదో తరగతి చదివే కూతురు నవ్య చదివి చెప్పింది. బరువును గాల్లో వదిలేసి, ఎవరినీ పిలవకుండా దిగి పరిగెత్తాడట. ఆయన తీరు ‘ఫ్రాంటిక్’ అట. మూడు రోజుల్లో జవాబివ్వకపోతే ఉద్యోగం పోతుంది.

“ఆ మాటకి అర్థం ఏటమ్మా?”

“కంగారులో ఒళ్లు తెలీకుండా వెర్రెత్తినట్టు చెయ్యడం, నాన్నా.”

పరదేశి ఆ మాటను రెండుసార్లు పలికి చూసుకున్నాడు.

పాడైన హారన్‌ను దాచడానికి ఇంత అబద్ధమా అని నాకు ఒళ్లు మండింది. నేను హిందీ మాస్టర్ని. జరిగింది జరిగినట్టు హిందీలో జవాబు రాసిచ్చాను. సంతకం పెట్టడమే మిగిలింది.

అంతలో దానయ్య భార్య అన్నమ్మ వచ్చింది. కంపెనీ కాగితం సంగతి ఆమె దాకా వెళ్లింది.

“మా ఆయన కోసం పిచ్చోడిలా పరిగెట్టినావంట గదా అన్నయ్యా. ఒక్కరైనా పరిగెట్టినారు. నాకదే సాలు.”

పరదేశి తల ఎత్తలేదు. ఆమె వెళ్లాక నా కాగితం నాకే ఇచ్చేశాడు.

“నీ తప్పేం లేదు పరదేశీ. సంతకం పెట్టు.”

“ఇది యూనియన్లో సదువుతారు మాస్టారూ. ఆమెకి తెలిసిపోద్ది.”

“తెలిస్తే ఏం?”

“కట్ట దింపడానికి నాలుగు నిమిషాలు పట్టినాది. కిందన ఆడు గిలగిలా కొట్టుకుంటన్నాడు. నాను మాత్రం కడ్డీలు సరిగ్గా సర్దినాను.”

మూడు రోజులూ బతిమాలాను. జవాబు వెళ్లలేదు, ఉద్యోగం పోయింది. ఆ సాయంత్రం పరదేశి నా ముందే ఏడ్చాడు.

“ఆల్లు రాసిందే నిజమైతే దానయ్య బతికుండును, మాస్టారూ.”