ఇంజను చల్లారేంత సేపు

రండి, ఆ చాప కాస్త ఇటు లాక్కొని దగ్గరగా కూర్చోండి. గట్టిగా చెప్పుకునే సంగతి కాదిది. మొన్న మా వీధిలో నీళ్ళ ట్యాంకరు ఒకటి ఆగి బుస్సుమని ఆవిరి వదిలింది. తుప్పు, తడి గోనెసంచి, కాగిన నూనె మూడూ కలిసిన ఆ వాసన కిటికీలోంచి రాగానే చేతిలోని చాట కింద పెట్టేశాను. ఇంట్లోవాళ్ళు ముక్కులు మూసుకుంటుంటే నేను గుమ్మంలోకి పోయి నిలబడ్డాను. నాకది మా నాయన వాసన.

మా నాయన లారీ డ్రైవరు. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోయింది. ముదిగుబ్బ నుంచి ధర్మవరం పోయే దారిలో ఒక పెద్ద మిట్ట ఉండేది. ఆ మిట్ట నెత్తిన, రోడ్డు పక్కన, మా ఇల్లు ఒక్కటే. ఒక మట్టిమిద్దె, ఒక వేపచెట్టు, నేను, మా అవ్వ. చుట్టూ చూపు ఆనినంత మేరా ఎర్రనేల, రాళ్ళ గుట్టలు, బందారు పొదలు. తోడుగా ఆడుకునే పిల్లలు లేరు. అచ్చనగల్లు కుడిచేత్తో ఒక ఆట, ఎడమచేత్తో ఒక ఆట ఆడి, ఎడమచెయ్యి ఓడిపోతే దాన్ని నేనే వెక్కిరించేదాన్ని.

నాయన నడిపేది ధర్మవరం షావుకారు బండి. పంట పండితే చెనక్కాయ మూటలు, పండని ఏడు, మా వైపు అలాంటి ఏళ్ళే ఎక్కువ, కంకరో కట్టెలో వేసుకొని వచ్చేవాడు. అంత బరువుతో మొదటి గేరులో మూలుగుతూ మిట్ట ఎక్కేసరికి ఇంజను కుతకుత ఉడికిపోయేది. పైకి రాగానే నాయన బండిని గాలికి ఎదురుగా నిలిపి, బానెట్టు ఎత్తి, ఇంజనును వెంటనే ఆపకుండా మెల్లగా ఆడనిచ్చేవాడు. ఎందుకని అడిగితే, "గసపోస్తాండే ఎద్దును గబుక్కున కట్టేస్తామా పాపా? ఇదీ అంతే" అనేవాడు. రేడియేటరు మూత మీద తడి గోనెసంచి కప్పి, ఆవిరి అణిగాక మూత తిప్పి, ఎండలో పెట్టిన ఇనుప డ్రమ్ములోని వెచ్చటి నీళ్ళు చెంబు చెంబుగా పోసేవాడు. అంతా కలిపి అర్ధగంట. ఆ అర్ధగంటే నాకు నాయన. అందులోనే సంకటి ముద్ద, ఊరిబిండి పచ్చడి, ఉగాది నాడైతే నెయ్యి కారే ఓళిగ. అందులోనే నూనె మరకల చేతులతో నాకు జడ వేయడం, "అదేమి జడరా, మోకు పేనినట్లుండాది" అని అవ్వ ఎగతాళి చేయడం.

అందరూ ఎండను తిట్టుకుంటుంటే నేను ఎండ కోసం ఎదురుచూసేదాన్ని. చలికాలంలో ఇంజను అంతగా కాగదు, నాయన ఆగడు. రెండుసార్లు హారను కొట్టి, చెయ్యి ఊపి అటు దిగిపోయేవాడు. ఎండ ముదిరితే ఇంజను చల్లారడం ఆలస్యమై, నా అర్ధగంట ముప్పావుగంట అయ్యేది. వాన రావద్దని మొక్కుకున్న పాపిష్టిది అనంతపురం జిల్లాలో నేనొక్కదాన్నే అయివుంటాను.

మా అవ్వకు ఒక పట్టుదల ఉండేది. రెండు మైళ్ళు నడిచి తెచ్చిన నీళ్ళయినా సరే, దారిన పోయేవాళ్ళు ఎవరు వచ్చి నిలబడినా, ఎవరు, యాడికి అని అడగకముందే నీడలోని కడవ నుంచి చల్లటి నీళ్ళు చెంబు నిండా ఇవ్వాల్సిందే. డ్రమ్ములోని ఎండనీళ్ళు మనిషికి ఇవ్వడం ఇంటికి అవమానం అనేది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, నడి వేసవిలో ఒక పగలు, అవ్వ నీళ్ళకు పోయిన సమయంలో నాయన వచ్చాడు. జ్వరంతో కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బండి కూడా ఎన్నడూ లేనంతగా మరిగి, మూత తీయగానే నీళ్ళన్నీ చిమ్ముకుపోయాయి. ఇంజను ఆపేసి, "రోంతసేపు నడుము వాలుస్తా పాపా. చల్లారినాంక నేనే పోస్తా, నువ్వు ముట్టొద్దు" అని వేపచెట్టు కింద పడుకున్నాడు. అలాగే నిద్రపోయాడు.

పక్కన కూర్చొని ఈగలు తోలాను. మెలకువ వస్తే నీళ్ళు పోయడంతోనే సరిపోతుంది, ఎక్కి వెళ్ళిపోతాడు. ఆ పని నేనే చేసిపెడితే ఆ కాసేపు నాతో కూర్చుంటాడు కదా అనిపించింది. చెంబు తీసుకొని డ్రమ్ము దాకా పోయి ఆగాను. రోజూ నాయనను మోసుకొచ్చే బండి, మిట్టంతా ఎక్కి, నోరు తెరుచుకొని గడప ముందు నిలబడి ఉంది. దానికి ఎండనీళ్ళా? లోపలికి పోయి కడవ ఎత్తుకొచ్చాను. బంపరు మీదికి ఎక్కి, ఆ చల్లటి నీళ్ళు ధారగా పోశాను.

ఎండుకట్టె విరిగినట్టు టప్పుమని ఒక్క చప్పుడు. ఇంజను పక్క నుంచి నీళ్ళు సన్నగా జారసాగాయి.

నాయన లేచి వచ్చాడు. ఇనుములో పడిన బీటను వేలితో తడిమి చూసి, మెల్లగా అడిగాడు.

"ఏ నీళ్ళు పోస్తివి?"

"కడవలోవి నాయనా. మంచివి."

ఖాళీ కడవ నా చేతిలోంచి తీసుకున్నాడు. "బండికి కూడా మర్యాద చేసినావా పాపా" అన్నాడు. అంతే. కొట్టలేదు, తిట్టలేదు.

సాయంత్రానికి షావుకారు వచ్చాడు. "ఏమప్పా, ఇన్నేండ్లు స్టీరింగు పట్టినోనివి, కాగిన ఇంజన్లో సన్నీళ్ళు పోస్తావా?" అన్నాడు. నాయన తల దించుకొని, "జరం మత్తులో పోస్తినన్నా, తప్పు నాదే" అన్నాడు. నేను తలుపు వెనకాలే ఉన్నాను. నోరు తెరవలేదు.

ఆ పని పోయింది. ఆ మాట అన్ని షెడ్లకూ పాకి, దగ్గర్లో ఎవరూ బండి ఇవ్వలేదు. నాయన ఉత్తరాదికి పోయే దూరపు లారీలు ఎక్కాడు. ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా అవ్వ, "నీళ్ళు పోసేదీ తెలీనోడు డ్రైవరంట" అని దెప్పేది. నాయన నవ్వి ఊరుకునేవాడు. అవ్వ పోయేదాకా ఆమెకు నిజం తెలియదు. ఈరోజు వరకు ఎవరికీ తెలియదు.

అలా వచ్చినప్పుడు రెండు రోజులు ఉండేవాడు. రెండు పూర్తి రోజులు, ఏ ఇంజనూ తొందరపెట్టని రోజులు. అయినా సంకటి తిని, నాకు జడ వేసి, నాలుగు మాటలు చెప్పి, అర్ధగంట కాగానే నాయన లేచి నిలబడేవాడు. యాడికి నాయనా అంటే, యాడికీ లేదు పాపా అని వేపచెట్టు దాకా పోయి, రోడ్డు వైపు చూస్తూ నిలబడేవాడు. మా ఇద్దరికీ అంతకంటే ఎక్కువసేపు కూర్చోవడం రాదని అప్పటికి గాని తెలియలేదు.

నన్ను మడకశిరకు ఇచ్చాడు. తర్వాత నాయన కూడా పోయాడు. ఇప్పుడు మిట్టను తొలిచి రోడ్డు చదును చేశారు; మా ఇల్లున్న చోట మట్టికట్ట ఉంది. మా అల్లుడు నడిపే బండిలో గేర్లు వాటంతటవే మారతాయి, వేడి ఎంతుందో ముల్లు చూపిస్తుంది, మిట్ట ఎక్కినా కాగదు. మంచిదే. అతను ఎక్కడా ఆగనవసరం లేదు, ఆగడు కూడా.

పొద్దుపోయింది, లేవండి. మీ ఇళ్ళు చల్లగా ఉండాలి. మీవాళ్ళు గడప దాటి లోపలికి వచ్చి, తొందర లేకుండా, చాలాసేపు కూర్చోవాలి.